ఓడినదా? ఒదిగినదా?

బిడ్డ పుట్టిన ఇంట మొట్టమొదట వినవచ్చే మాట ‘పోలిక’. చూడవచ్చిన చుట్టాలలో తొట్టెలోనికి తొంగిచూచి తీర్పు చెప్పనివారుండరు. ముక్కు నాయనమ్మది, నుదురు తాతది, రంగు మేనమామది అని పంపకాలు జరిగిపోతాయి. ఉర్దూ మాట్లాడే ఇండ్లలోనూ ఇదే తంతు. “మామూ పే గయా” అని ఒకరంటే, “నై, దాదీ పే గయా” అని మరొకరు పోటీకి వస్తారు. తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బర్రెను తెచ్చుకొమ్మన్న సామెత మనకు ఉండనే ఉన్నది. ఈ పోలికల వెనుక ఒక లెక్క కలదనీ, ఆ లెక్కను పసివారికి చెప్పబూనినవాడు అంకెలకంటె ముందు మాటలను తూచుకోవాలనీ మాకు ఆలస్యంగా తెలిసివచ్చింది. తెలిసివచ్చిన తీరును ఈ సంచిక ద్వారా మా విద్యార్థులతో పంచుకోదలచినాము.

మేము తెలుగు చెప్పుకొని బ్రతికేవారము. జీవశాస్త్రం మా శాఖ కాదు. కాని కర్మన్‌ఘాట్‌లో మేమున్న వీధి పిల్లలు, ఏడు ఎనిమిది తరగతులవారు, ఆదివారం ఉదయం మా వరండాలో చేరడం కొన్నేండ్లుగా అలవాటయింది. కొందరు తెలుగు మాధ్యమంవారు, కొందరు ఉర్దూ మాధ్యమంవారు, తక్కినవారు ఇంగ్లీషు మాధ్యమంవారు. పద్యాలకు అర్థాలు చెప్పించుకోవడానికని వస్తారు. వచ్చిన తరువాత ఏదైనా అడుగుతారు. ఒకనాడు ఒక బాలుడు పదవ తరగతి చదివే తన అక్క పుస్తకం పట్టుకొని వచ్చి, “సార్, బహిర్గత లక్షణం, అంతర్గత లక్షణం అంటే ఏమిటి?” అన్నాడు. ప్రక్కనే ఉన్న ఉర్దూ మాధ్యమం బాలుడు తొంగిచూచి, “మా భాయీ పుస్తకంలో ఇదే పాఠం ఉంది సర్, కాని అక్కడ గాలిబ్, మగ్లూబ్ అని ఉంటుంది” అన్నాడు.

గాలిబ్ అంటే గెలిచినది. మగ్లూబ్ అంటే ఓడినది. ఈ అర్థం చెప్పగానే వరండా కుస్తీపట్ల గోదాగా మారిపోయింది. నల్లకన్ను గెలిచింది, పిల్లికన్ను ఓడింది. ఉంగరాల జుట్టు గెలిచింది, సాపు జుట్టు ఓడింది. పిల్లల ఉత్సాహం చూచి మేము కూడా ఆ త్రోవనే పోయినాము. పాఠాన్ని యుద్ధకథగా చెబితే గుర్తుంటుందనుకున్నాము. అది మా మొదటి పొరపాటు.

మెండెల్ కథ చెప్పినాము. నేడు చెక్ దేశంలో ఉన్న బర్నో పట్టణంలో, ఒక మఠంలో సన్యాసిగా ఉంటూ, గ్రెగర్ మెండెల్ (1822–1884) తోటలో బఠానీ మొక్కలు పెంచినాడు. గుండ్రని గింజల జాతిని, ముడుతల గింజల జాతిని సంకరపరచినాడు. తొలి తరంలో ప్రతి గింజా గుండ్రనిదే. ముడుత అన్నది అంతరించిపోయినట్లే తోచింది. ఆ గింజలనే నాటి, వాటిలో అవే ఫలదీకరణ చెందనిచ్చి, మరుతరం గింజలను ఒక్కొక్కటిగా లెక్కించినాడు. మొత్తం 7,324 గింజలు. వాటిలో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి. అంటే ఇంచుమించు మూడింటికి ఒకటి. పోయిందనుకున్న ముడుత ఒక తరం దాటి, ఏ మార్పూ లేకుండా తిరిగివచ్చింది. ఈ సంగతిని ఆయన 1865లో సభలో చదివి, 1866లో అచ్చు వేయించినా, లోకం దాని విలువ గుర్తించింది 1900లో మాత్రమే.

ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని బఠానీలతో ఆగితే పిల్లలకు తృప్తి ఎక్కడిది? తమ ఒంటిమీద చూపించమన్నారు. మేము చదువుకున్ననాటి పాఠం జ్ఞాపకం వచ్చి, “నాలుకను గొట్టంవలె చుట్టగలిగినవారు చేయెత్తండి” అన్నాము. సగానికి పైగా చేతులు లేచినవి. “ఇది గాలిబ్ లక్షణం. తల్లిదండ్రులలో ఒకరికైనా లేనిదే బిడ్డకు రాదు. ఇంటికి పోయి అమ్మను, నాన్నను పరీక్షించి రండి” అని పురమాయించినాము. అది రెండవ పొరపాటు. మొదటిదానికంటె పెద్దది.

మరుసటి ఆదివారం ఒక బాలిక రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. కారణం మరొక పిల్లవాని నోట విన్నాము. ఆ బాలిక నాలుక చక్కగా చుట్టగలదు. ఇంటికి పోయి చూస్తే తల్లికీ రాదు, తండ్రికీ రాదు. పెదనాన్న పిల్లలు ఊరకుంటారా? “నిన్ను ఆసుపత్రిలో మార్చేశారు” అన్నారు. “సార్ చెప్పారు గదా, నువ్వు ఈ ఇంటి పిల్లవు కావు” అన్నారు. ఆ పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. పెద్దలెవరో నవ్వులాటకే తల్లిని మరొక మాట కూడా అన్నారట. ఆ మాట ఇక్కడ వ్రాయము. చదువరులు ఊహించగలరు.

మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పుస్తకాలు తిరగవేసినాము, మా కళాశాల జంతుశాస్త్ర శాఖ మిత్రులను అడిగినాము. తేలిన సంగతి ఇది. నాలుక చుట్టడం వంశపారంపర్యంగా వచ్చే లక్షణమని 1940లో వ్రాసినవాడు ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్ అనే పేరుపొందిన అమెరికా శాస్త్రజ్ఞుడు. 1952లో మాట్‌లాక్ అనే మరొకాయన ఒకే అండం నుండి పుట్టిన కవలలను 33 జంటలను పరీక్షించగా, ఏడు జంటలలో ఒకరు చుట్టగలిగినారు, రెండవవారు చుట్టలేకపోయినారు. ఒకే విత్తు నుండి చీలిన ఇద్దరిలోనే తేడా ఉన్నప్పుడు, అది ఒక్క జన్యువు నడిపే లక్షణమని చెప్పడానికి వీలులేదు గదా. స్టర్టెవాంట్ 1965లో తాను వ్రాసిన జన్యుశాస్త్ర చరిత్రలో, ఇంకనూ కొన్ని గ్రంథాలు దీనిని ఉదాహరణగా చూపడం తనకు ఇబ్బందిగా ఉన్నదని ఒప్పుకున్నాడు. చెవి తమ్మె అతుక్కొని ఉండటం, వ్రేలాడటం కూడా ఇట్లే. అది అనేక జన్యువుల ఉమ్మడి వ్యవహారం. కన్నవారు తమ తప్పును తామే దిద్దుకున్నా, తరగతి గదులలో ఆ తప్పు దశాబ్దాలపాటు నడుస్తూనే వచ్చింది. దాన్ని ఒక చిన్న ఇంటి గుమ్మందాకా మోసుకొనిపోయినవారము మేము.

మా పేట పేరుకు ఇక్కడివారు చెప్పుకొనే కథ ఒకటి కలదు. ‘కర్ మన్ ఘట్’, అనగా ‘మనసు గట్టిచేసుకో’ అన్న మాట నుండి కర్మన్‌ఘాట్ వచ్చిందంటారు. హనుమంతుని గుడిని ముడిపెట్టి చెప్పే ఆ కథ చరిత్రకు ఎంతవరకు నిలుస్తుందో పండితులు చూచుకొందురు గాక. ఆ సాయంకాలం మాత్రం ఆ మాట మాకు పనికివచ్చింది. మనసు గట్టిచేసుకొని ఆ బాలిక ఇంటికి పోయినాము. తండ్రిగారు మర్యాదగా కుర్చీ వేసినారు. పెదనాన్న పిల్లలను కూడా పిలువుమని, అందరి ఎదుట, “అమ్మా, నేను చెప్పిన పాఠం తప్పు. అది నీ తప్పూ కాదు, మీ అమ్మగారి తప్పూ కాదు” అన్నాము. తల్లి చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, “మీరు వచ్చి చెప్పారు, అంతే చాలు సార్. కాని మీరు చెప్పింది పిల్లలు ఇంట్లోకి పట్టుకొస్తారు సార్” అన్నది. బోధనాశాస్త్రాన్ని గురించి ఇంతకంటె గొప్ప వాక్యం మేము ఏ గ్రంథంలోనూ చదువలేదు.

ఆ తరువాత ఆదివారం పాఠం మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టినాము. ఈసారి ఎవరి నాలుకతోనూ, చెవితోనూ పనిలేదు. దర్జీ దుకాణం నుండి ఒకే పరిమాణం గల చొక్కా గుండీలు తెచ్చినాము. రెండు డబ్బాలు, ఒకటి తల్లి, మరొకటి తండ్రి. ఒక్కొక్క డబ్బాలో నల్లగుండీలు యాభై, తెల్లగుండీలు యాభై. కన్నులు మూసుకొని ఒక్కొక్క డబ్బా నుండి ఒక్కొక్క గుండీ తీయాలి. ఆ జంటయే ఒక బిడ్డ. జంటలో ఒక్క నల్లగుండీ ఉన్నా దానిని పైన పెట్టి, తెల్లదానిని క్రింద పెట్టాలి. పైకి కనబడేదే ఆ బిడ్డ లక్షణం. వ్రాసుకున్న తరువాత గుండీలు తిరిగి డబ్బాలలో వేయాలి. నూరుసార్లు తీసినాము. డెబ్బదియారు జంటలు నల్లగా కనిపించినవి. ఇరువదినాలుగు జంటలు రెండు గుండీలూ తెల్లనివై తెల్లగా తేలినవి. మెండెల్ మఠంలో తేలిన లెక్క మా వరండాలోనూ తేలింది.

అప్పుడు పిల్లలను అడిగినాము. “నలుపు క్రింద ఉన్న తెల్లగుండీ ఏమయింది? అరిగిందా? విరిగిందా? బూడిదరంగుకు తిరిగిందా?” ఆ బాలిక (అవును, మళ్ళీ వచ్చింది) నల్లగుండీని ఎత్తి చూపి, “ఏమీ కాలేదు సార్, అట్లనే ఉంది” అన్నది. ఉర్దూ మాధ్యమం బాలుడు అందుకొని, “అయితే ఇది మగ్లూబ్ కాదు సర్, ఛుపా హువా” అన్నాడు. దాగి ఉన్నది అని.

మాటలమీద పెరిగిన మాకు ఆ క్షణాన కలిగిన ఆనందం చెప్పతరము కాదు. ఇంగ్లీషువారు వాడే ‘రిసెసివ్’ అన్న పదానికి మూలం లాటిన్ భాషలో ‘వెనుకకు తగ్గు’ అనే ధాతువు. ఆ పేరు ఎందుకు పెట్టినాడో మెండెలే చెప్పినాడు: ఆ లక్షణం సంకరజాతిలో వెనుకకు తగ్గి కనబడకుండా పోయినా, తరువాతి తరంలో మార్పులేకుండా తిరిగివస్తుంది గనుక. గాలిబ్, మగ్లూబ్ అన్న ఉర్దూ పదాలు ‘డామినెంట్’ అన్న మాటలోని పెత్తనాన్ని పట్టుకున్నవి. ఆ భాషకున్న కవిత్వగుణం చేత యుద్ధాన్ని మరికొంత రక్తి కట్టించినవి. మన తెలుగువారి బహిర్గతం, అంతర్గతం అన్న పదాలలో గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఒకటి పైకి కనబడుతుంది, రెండవది లోపల ఉంటుంది. అంతే. ఈ పదాలను కూర్చిన పెద్దలకు మేము మనసులో నమస్కరించినాము. ఉర్దూ పదాలను తీసివేయుమని మేము అనము. శాస్త్రంలో స్థిరపడిన మాటను మార్చడం ఎవరి తరమూ కాదు. కాని ఆ పదం ప్రక్కన ఆ బాలుడన్న ‘ఛుపా హువా’ను కూడా ఒక్కసారి చెప్పి ముందుకు సాగుమని ఉర్దూ శాఖ మిత్రులకు విన్నపము.

బహిర్గతమైనది మేలైనదనీ, ఎక్కువమందికి ఉండేదనీ అనుకోవడం కూడా పొరపాటే. ఆరవ వ్రేలు అనేక కుటుంబాలలో బహిర్గత లక్షణంగానే సంక్రమిస్తుంది. అయినా ఆరువ్రేళ్ళవారు ఎందరున్నారు? ‘ఓ’ రక్తవర్గం అంతర్గత లక్షణం. అయినా మన దేశంలో ఓ, బీ వర్గాలవారే ఎక్కువ. పైకి కనబడటం వేరు, పదిమందిలో ఉండటం వేరు, మంచిదై ఉండటం వేరు. ఈ మూడింటినీ ఒకటిగా కలిపివేసేది ‘గెలుపు’ అన్న మాట.

పాఠం ముగిసి పిల్లలు వెళ్ళిపోయినారు. ‘ఛుపా హువా’ అన్న బాలుడు మాత్రం గుండీలు ఏరుతున్న నెపంతో నిలిచిపోయినాడు. కొంతసేపటికి తల యెత్తకుండానే, “సర్, అమ్మీ కా కసూర్ హై క్యా?” అన్నాడు. తప్పు అమ్మదా అని. విషయం మెల్లగా తెలిసింది. అతని తమ్మునికి తలసీమియా. మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. ఆ పిల్లల తల్లిదండ్రులు అన్నదమ్ముల బిడ్డలు. ఇంట్లో పెద్దావిడ, కోడలి రక్తమే చెడ్డదని అనని రోజు లేదు. (ఆ ఇంటివారి అనుమతితోనే ఈ ముక్క వ్రాస్తున్నాము.)

మేము మళ్ళీ డబ్బాలు ముందు పెట్టినాము. రెండు తెల్లగుండీల జంటను తీయించి, “వీటిలో అమ్మ ఇచ్చినది ఎన్ని?” అన్నాము. “ఒకటి.” “అబ్బా ఇచ్చినది?” అతడు కొంచెం ఆగినాడు. “ఒకటి.” తలసీమియా అంతర్గత లక్షణం. ఒక్క గుండీ మాత్రమే ఉన్నవారు, అనగా వాహకులు, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. తమలో ఉన్నదని వారికే తెలియదు. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఇట్టివారని వైద్యుల అంచనా. ఇద్దరు వాహకులు దంపతులైనప్పుడు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్కరి వలన ఆ వ్యాధి రానే రాదు. తల్లి ఎంతో తండ్రీ అంతే. నిజానికి ఇద్దరి కసూరూ లేదు. కన్నులు మూసుకొని తీసిన గుండీకి కసూరు ఎక్కడిది?

బాలుడు మరొక ప్రశ్న వేసినాడు. “నాలుగింట ఒకటి అయిపోయింది కదా సర్, ఇక పుట్టేవారికి రాదు గదా?” ఈ ప్రశ్నకు తియ్యని సమాధానం చెప్పాలని మాకు ఎంతో అనిపించింది. కాని ఒకసారి తియ్యని పాఠం చెప్పి అనుభవించినవారము. తీసిన గుండీ మళ్ళీ డబ్బాలో పడుతుందనీ, డబ్బాకు జ్ఞాపకం ఉండదనీ, ప్రతిసారీ లెక్క కొత్తదేననీ చెప్పినాము. అయితే వాహకులెవరో చెప్పే రక్తపరీక్ష ఉన్నదనీ, గర్భం దాల్చిన తొలి నెలలలోనే శిశువును గురించి తెలుసుకొనే వీలున్నదనీ, తమ్మునికి వైద్యం చేసే డాక్టరుగారినే అబ్బా, అమ్మీ కలిసి అడగాలనీ చెప్పినాము. మన హైదరాబాదులోనే 1998లో తలసీమియా, సికిల్‌సెల్ రోగుల కోసం ఏర్పడిన సంఘం ఉన్న సంగతి కూడా చెప్పినాము. పోతూపోతూ అతడు డబ్బాలు రెండూ అడిగి తీసుకొనిపోయినాడు.

ఈ సందర్భాన మేనరికాలను గురించి ఒక మాట. అక్క కూతురిని పెండ్లాడటం తెలుగు హిందువులలో అనేకులకు ఆచారం, మాకు నిషిద్ధం. పెదతండ్రి, పినతండ్రి బిడ్డలను పెండ్లాడటం మాకు చెల్లుతుంది. వారికి అన్నాచెల్లెండ్ర వరుస. ఒకరికి కూడనిది మరొకరికి కూడును. గుండీలకు మాత్రం ఈ తేడాలు తెలియవు. మేనమామకూ మేనకోడలికీ జన్యువులలో సగటున నాలుగవ వంతు ఉమ్మడి. అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర బిడ్డలకు ఎనిమిదవ వంతు. దాగి ఉన్న ఒకే రకపు తెల్లగుండీ రెండు ప్రక్కల నుండీ కలిసే అవకాశం అక్కడ పెరుగుతుంది. అట్టి దంపతులలో పెక్కుమందికి ఆరోగ్యవంతులైన బిడ్డలే పుడతారన్నదీ నిజమే. భయపెట్టడం మా ఉద్దేశం కాదు. పెండ్లికి ముందు ఒక రక్తపరీక్ష చేయించుకొమ్మని చెప్పడమే.

ఈ శోధనలో మనవారి పాలు తక్కువేమీ కాదని విద్యార్థులు తెలుసుకోవాలి. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగారు, డాక్టర్ పి. మీరాఖాన్‌గారు కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలను, వాటి ఫలితాలను పరిశీలించి 1963లో పరిశోధన వ్యాసం ప్రకటించినారు. ఒక హిందువు, ఒక ముస్లిము, ఇద్దరూ మన నేలవారే, తమ తమ ఇండ్ల ఆచారాలను దాచకుండా లెక్క కట్టినారు. మీరాఖాన్‌గారు తరువాత నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రజ్ఞులుగా పేరుపొందినారు. వీరికి గురుతుల్యుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండును విడిచి 1957లో మన దేశానికి వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వరంలో కన్నుమూసినాడు. ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించినారు. తలసీమియా వాహకులకు మలేరియా నుండి కొంత రక్షణ ఉండవచ్చునని 1949లోనే ఊహించినవాడు ఆయనయే. తరువాతి పరిశోధనలు ఆ ఊహను బలపరచినవి. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే గదా. అనగా ఒకనాడు జ్వరం నుండి ప్రాణాలు నిలిపిన గుండీయే, రెండు కలిసినచోట రోగమయింది. అట్టిదానిని ‘చెడ్డ రక్తం’ అనడానికి మనమెవరము?

ఆ రెండు డబ్బాలు మాకు మూడు వారాలకు గాని తిరిగి రాలేదు. ఆలస్యమెందుకయిందని అడిగితే ఆ బాలుడు, “దాదీ రోజూ తీసి చూస్తోంది సర్” అన్నాడు. కోడలిని ఏమైనా అంటున్నదా అని మేము అడుగలేదు. అతడే చెప్పినాడు: “ఇప్పుడు అంటలేదు. గుండీలు తీసి లెక్క పెట్టుకుంటోంది.”

ప్రియ విద్యార్థులారా! మీలో రేపు ఉపాధ్యాయులు కాగలవారు అనేకులున్నారు. వంశపారంపర్యం పాఠం చెప్పవలసి వచ్చిననాడు బఠానీలతో చెప్పండి, గుండీలతో చెప్పండి. పసివారిచేత వారి తల్లిదండ్రులకు పరీక్ష పెట్టించకండి. ఏ లక్షణాన్నీ ఓడినదనకండి. మీ ఎదుట కూర్చున్న నలభై మందిలో ఎవరి ఇంట ఏ గుండీ దాగి ఉన్నదో మీకు తెలియదు. మీరు చెప్పిన మాట సాయంకాలానికల్లా ఆ ఇంటికి చేరుతుంది.